గంపలో వదిలిన గుడ్డు

గౌరమ్మ ప్రొద్దుటూరులో పుట్టింది, ప్రొద్దుటూరులోనే పెరిగింది, మెట్టినిల్లు కూడా అక్కడే, పుట్టింటికి రెండు సందులవతల. గుడ్డంటే అంగట్లో అట్టల మీద వరుసగా కూర్చుని ఉండేదే తప్ప, అక్కడికి రాకముందు దానికొక సంగతి ఉంటుందని యాభై ఆరేళ్ళొచ్చేదాకా ఆమె ఆలోచించలేదు. అందుకే మైలవరం దగ్గర ఆడబిడ్డ ప్రమీలమ్మ చీనీ బత్తాయి తోటలో, కొట్టంలో ఉన్న గంపలో చెయ్యి పెట్టి మొదటి గుడ్డు తీసిన రోజు ఉలిక్కిపడింది.

"ప్రమీలా, ఇది వెచ్చగుండాది!"

"ఉండదా మరి? ఇప్పుడే గదా దిగింది. కండ్లకు అద్దుకో వదినా. మా అమ్మ దినామూ అట్లే చేసేది. డెబ్బై ఏండ్లకు గూడా సూదిలో దారం తానే ఎక్కించుకునేది."

గౌరమ్మ అద్దుకుంది. రెప్పల మీద ఆ వెచ్చదనం ఎవరో అరచెయ్యి పెట్టినట్టుంది. గుడ్డు దించి చూసేసరికి ప్రమీలమ్మ నవ్వుతోంది.

"చాల్లే, చల్లారిపోతాది. పొయ్యి మీద పెట్టాల మల్లా."

గౌరమ్మ భర్త చెన్నకేశవులు ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఏడాదిన్నర కిందట గుండెనొప్పితో పోయాడు. పిల్లల్లేరు. కర్మలన్నీ ముగిసిన మర్నాడు చుట్టాలంతా ఒక్కొక్కరే బస్సెక్కుతుంటే, ఆయన చెల్లెలు ప్రమీలమ్మ మాత్రం ఎక్కలేదు. గుమ్మంలో బ్యాగు పట్టుకుని నిలబడి, "నువ్వు రాకుండా నేను పోను. పా," అంది. ఆ మాట మీద గౌరమ్మ తోటకు వచ్చి పదిరోజులుండి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఇది నాలుగోసారి.

ఎన్నిసార్లు వచ్చినా ఉండిపోవడానికి మనసొప్పేది కాదు. ఆడబిడ్డ ఇంట్లో వదిన కూర్చుని తింటుందన్న మాట ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోయినా రోజూ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆమెకు వినిపించేది. పైగా వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక చీర ఇక్కడే ఉండిపోయేది. ప్రొద్దుటూరు పోయి బ్యాగు విప్పితే ఒకటి తక్కువ. ఫోన్ చేస్తే ప్రమీలమ్మ, "అది తడిగుండె వదినా, పెట్టల్యా. మల్లొచ్చినప్పుడు కట్టుకుందువులే," అనేది. వయసుతో పాటు తనకు మతిమరుపు కూడా వస్తోందనుకునేది గౌరమ్మ.

ఈసారి రాగానే పట్టుబట్టింది. "నాకేదైనా పని చెప్తే ఉంటా. లేకుంటే రేపే బస్సెక్కుతా."

ప్రమీలమ్మ అటూ ఇటూ చూసి, "అయితే గుడ్లు నీయి," అంది.

అట్లా ఆ పని ఆమెది అయింది. రెండు రోజులకే పులివెందులలో ఉన్న కూతురు హాసినికి నెలలు నిండి, ప్రమీలమ్మ అక్కడికి ప్రయాణమైంది. ఆటో ఎక్కబోతూ వెనక్కి వచ్చింది.

"వదినా, నల్లదాని గుడ్లు మాత్రం వండాకు. సజ్జల కుండలో దాచిపెట్టు. నేనొచ్చినాక మంచిరోజు చూసి దాన్ని గుడ్ల మీద కూచోబెడతా."

"నాకు తెలీదా? నువ్వు పో."

నల్లది అంటే మామూలు కోడి కాదు. ఎనిమిదేళ్ళ కిందట చెన్నకేశవులు జమ్మలమడుగు సంతలో ఒక నల్ల పెట్టను కొని, అంగడి పేరున్న బట్ట సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు సంచిలో ఏముందంటే చీరలన్నాడు. చీరలు కొక్కొక్కో అన్నాయి. బస్సంతా ఒకటే నవ్వు. కండక్టరు దానికీ టికెట్టు కొట్టాల్సిందేనన్నాడు. ఇంతలో పెట్ట సంచిలోనే గుడ్డు పెట్టింది. చెన్నకేశవులు ఆ గుడ్డు తీసి కండక్టరు చేతిలో పెట్టి, "ఇదీ దాని టికెట్టు సామీ," అన్నాడట. ఈ కథ ప్రమీలమ్మ ఎన్నిసార్లు చెప్పినా, "చీరలు కొక్కొక్కో" దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ పెట్ట సంతానం కొట్టం నిండా ఉండేది. పోయిన వేసవిలో తెగులొచ్చి చాలా కోళ్ళు మెడలు వాల్చేశాయి. మిగిలినవాటిలో నల్ల పెట్ట ఒక్కటే. అన్న తెచ్చిన దాని జాతిలో అదే ఆఖరుది.

గౌరమ్మ పని బాగా చేసింది. బాగా అంటే, పట్నంలో ఇల్లు దిద్దుకునే ఆడమనిషి చేసినంత బాగా. మూడు గంపల్లోనూ చేతికి తగిలిన గుడ్డునల్లా తీసింది, ఒక్కటి వదల్లేదు. ప్రమీలమ్మ వెళ్ళిన మూడో రోజు గంపల అడుగున చూస్తే బూడిద, ఎండిన వేపాకు, మాసిన గడ్డి. "ఎంత మురికి!" అనుకుని అన్నీ దులిపి, గంపలు కడిగి, ఫినాయిల్ చల్లి ఎండబెట్టి, కొత్త గడ్డి పరిచింది. సాయంత్రం వాటిని కొట్టంలో పెట్టి దూరంగా నిలబడి చూసుకుంటే, తన వంటింటి గట్టును చూసుకున్నంత తృప్తి కలిగింది.

మర్నాడు, రోజూ దొరికే ఆరు గుడ్లకు మూడే దొరికాయి. ఆ మర్నాడు రెండు. బోసిమెడ పెట్ట ఒక్కటే పాత గంప విడవలేదు. ఎర్ర పెట్ట ఎద్దుల గాడిలో పెట్టింది, అది దొరికింది. నల్లది మాత్రం గంప దాకా వచ్చి, మెడ సాచి లోపలికి చూసి, "క్కొ..." అని ఒక్క మాట అనేసి వెనుదిరిగిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఎక్కలేదు. కుండలో దాని గుడ్లు మూడే ఉండిపోయాయి.

రాత్రి భోజనాల దగ్గర ప్రమీలమ్మ భర్త నారాయణను అడిగింది.

"నారాయణన్నా, కోళ్ళు పెట్టేది ఉన్నట్టుండి నిలిపేస్తాయా?"

"కోళ్ళ సంగతి నన్నడగాకు చెల్లెమ్మా. నాకు చీనీచెట్ల సంగతి తెల్సు. కోళ్ళల్లో నాకు తెలిసింది కూరొగటే."

అప్పుడే పులివెందుల నుంచి ఫోన్ వచ్చింది. హాసిని గురించి నాలుగు మాటలయ్యాక ప్రమీలమ్మ అడిగింది.

"నల్లది పెడతాందా?"

"పెడతాంది," అంది గౌరమ్మ. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. అడిగి తీసుకున్న ఒక్క పనీ చెడగొట్టానని చెప్పడానికి నోరు రాలేదు.

అబద్ధం కూడా గుడ్డులాంటిదే, దాచిన చోట ఊరుకోదు. రోజూ సాయంత్రం ఫోన్, రోజూ అదే ప్రశ్న. "ఎన్నయినాయి?" అంటే "ఐదు," అంది. తర్వాత "ఏడు." తొమ్మిదో రోజు హాసినికి ఆడపిల్ల పుట్టింది. ప్రమీలమ్మ ఇంకో వారం ఉండిపోయింది. ఫోనులో బిడ్డ ఏడుపు వినిపిస్తే గౌరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే, "నల్లదానివి తొమ్మిదన్నా అయింటాయి గదా?" అన్న మాటకు ఆ చెమ్మ ఆరిపోయింది.

"అయినాయి."

ఆ రాత్రి ఆమె ఎర్రదానివి, బోసిమెడదానివి ఆరు గుడ్లు తీసి సజ్జల కుండలో ఆ మూడింటి పక్కన గుచ్చింది. తొమ్మిదీ ఒకటే రంగు, ఒకటే సైజు. ఎవరు కనుక్కుంటారు? నల్ల పెట్ట కింద పెడితే అదే పొదుగుతుంది. పిల్లలు బయటికొచ్చాక ఏ రంగైతే ఏం? ఇలా తనకు తానే చెప్పుకుంటూ పడుకుంది. నిద్ర మాత్రం పట్టీ పట్టకుండా ఉండింది.

నల్లది రోజూ మేతకు వచ్చేది. అదొక్కటే ఊరట. పదిహేనో రోజు పొద్దున సజ్జలు చల్లి "బో బో బో" అని పిలిస్తే కోళ్ళన్నీ వచ్చాయి, నల్లది రాలేదు. మధ్యాహ్నం లేదు. సాయంత్రం గూట్లోకి ఎక్కలేదు. తోట చివర తుప్పల్లో కోళ్ళను పట్టే జంగపిల్లి తిరుగుతుందని నారాయణ ఒకసారి అన్న మాట గుర్తొచ్చి, గౌరమ్మ చీకటిపడేదాకా అటే వెతుకుతూ తిరిగింది.

మర్నాడు పొద్దున్నే ఆమె చేసిన మొదటి పని, కుండలోంచి ఆ ఆరు గుడ్లు తీసి వండటం. పళ్ళెంలో మూడు గుడ్లు చూసి నారాయణ, "ఏంది చెల్లెమ్మా, నాకేమన్నా కాన్పయిందా?" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. అప్పుడే ఫోన్ తీసి ప్రమీలమ్మకు కలిపింది.

"ప్రమీలా, నల్లది నిన్నటి నుంచి కనబడల్యా. జంగపిల్లి పట్టిందేమో. తొమ్మిదీ లేవు, దాని గుడ్లు మూడే. పదిరోజులు దాటె, గంపెక్కల్యా. నేను నీకు అబద్ధం చెప్తా వచ్చినా."

అవతల ఏదో కిందపడిన శబ్దం, బిడ్డ ఏడుపు. తర్వాత ప్రమీలమ్మ గొంతు పొడిగా వచ్చింది.

"రేపొస్తాన్నా. వచ్చినాక మాట్లాడుదాం." అంతే, పెట్టేసింది.

గౌరమ్మ లేచి బ్యాగు సర్దుకుంది. ఆదివారం బస్సుకు పోవాలి. ఉతికిన ఊదారంగు చీర తీగ మీద ఉంది. అది ఆరాక పెట్టుకోవచ్చనుకుంది.

పక్కతోట దిల్షాద్‌బీ మజ్జిగ కోసం వచ్చి, గౌరమ్మ మొహం చూసి కట్టమీద కూర్చుంది. సంగతంతా విని, "ఈకలు యాడన్నా చూసినావా అక్కా?" అని అడిగింది.

"లేదు."

"రక్తం?"

"అబ్బ, ఆ మాటెందుకు. అదీ లేదు."

"జంగపిల్లేమన్నా నీలాగ ఊడ్చి తుడిచి పోతాదా? ఈకలు లేకుంటే అది బతికే ఉండాది." ఆమె లేచి కొట్టంలోకి పోయి గంపలో ముక్కు పెట్టి చూసి, వెంటనే వెనక్కి తీసుకుంది. "యా అల్లా! ఇది గంపా, ఆసుపత్రా? ఫినాయిలేసినావా దీంట్లో?"

"మురికిగుండె."

"బూడిద మురికేంది అక్కా? అది పేన్లు పట్టకుండా వేసేది. సరే, గుడ్లన్నీ తీసేస్తాండావా, ఒగటి వదులుతాండావా?"

"వదిలేదేంది? అన్నీ తీసినా."

దిల్షాద్‌బీ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఒగటి వదలాల గదా! దాన్ని చూసి, ఇది మన చోటే, ఈడ భయం లేదని మల్లొస్తాది పెట్ట. గంప ఉత్తగా కనబడితే ఇంగేం నమ్ముతాది? యాడో దొంగచాటుగా పెట్టుకుంటాది. పెట్టినన్నీ పెట్టి ఇప్పుడు పొదుగుకు కూచున్నట్టుండాది."

"అయితే యాడని వెతకాల? పది ఎకరాలుండాది తోట."

"నువ్వు వెతకాకు. అదే వస్తాది. పొదుగుకోడి దినానికొక మాటు దిగుతాది, మేతకి, నీళ్ళకి. గింజలేసి, నీళ్ళు పెట్టి మూలన కూచో. కదలాకు, పిలవాకు. వచ్చి తిని పోయేటప్పుడు వెనకాల పో."

ఆ రోజంతా గౌరమ్మ కొట్టం మూల పీట వేసుకుని కూర్చుంది. నల్లది రాలేదు. మధ్యలో ఒకసారి నిద్ర కళ్ళ మీదికొచ్చింది, అప్పుడొచ్చి పోయిందేమో తెలియదు. మర్నాడు పొద్దున్నుంచే కూర్చుంది. వంట నారాయణకు అప్పగించింది. ఆయన ఏం వండాడో వాసనను బట్టి తెలుస్తోంది గానీ ఆమె లేవలేదు. ముప్పై ఏళ్ళు ఒకచోట ఊరికే కూర్చోవడమంటే తప్పు చేసినట్టే అనుకున్న మనిషి, ఆరోజు ఊరికే కూర్చోవడమే పనిగా కూర్చుంది.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ కొట్టం వెనక నుంచి నల్లది వచ్చింది.

ఈకలన్నీ విరబోసుకుని రెండింతలుగా ఉంది. క్లుక్ క్లుక్‌మని గొణుక్కుంటూ ఎవర్నీ చూడకుండా వచ్చి, గింజల మీద పడింది. గబగబా తిన్నది, నాలుగు గుక్కలు నీళ్ళు తాగింది, దుమ్ములో రెండుసార్లు పొర్లింది. ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన ఆడమనిషిలాగా వెంటనే వెనక్కి తిరిగింది. గౌరమ్మ చెప్పులు విడిచి లేచింది. అది ఆగితే ఆగింది, అది నడిస్తే నడిచింది. కొట్టం వెనక, చినిగిన టార్పాలిన్ పట్ట కింద పాత డ్రిప్పు పైపులు చుట్టలు చుట్టి ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. నల్లది పట్ట అంచు కింద దూరి, ఒక చుట్ట నడుమ గుండ్రటి గుంటలోకి దిగి, రెక్కలు విప్పి, నెమ్మదిగా సర్దుకుని కూర్చుంది.

గౌరమ్మ అక్కడే నేల మీద కూలబడింది. చేతులు రెండూ జోడించుకుంది. ఎవరికి దండం పెట్టుకుందో, కోడికో, దేవుడికో, చెన్నకేశవులుకో ఆమెకే తెలియదు.

"వదినా! ఓ వదినా! యాడుండావు?"

ప్రమీలమ్మ ఆటో దిగి చంకలో సంచితో కొట్టం చుట్టూ తిరిగి వస్తోంది. గౌరమ్మ నోటి మీద వేలు పెట్టి పట్ట అంచు ఎత్తింది. ప్రమీలమ్మ వంగి చూసింది. సంచి కింద పెట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని, నల్లది చెయ్యి పొడుస్తున్నా లెక్కచెయ్యకుండా దాని కడుపు కిందికి వేళ్ళు పోనిచ్చింది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.

"పదకొండు," అంది. "పదకొండు వదినా! నేను మంచిరోజు చూసి కూచోబెట్టాలనుకుంటే ఇది నాకంటే ముందే పంచాంగం చూసుకుంది."

గౌరమ్మ పట్ట అంచు దించింది. "గంపలో ఒగటి వదలాలంట. నాకు తెలీదు. అన్నీ తీసేసినా. ఫినాయిలు గూడా చల్లినా. అందుకే పొయ్యింది. పైగా నీకు అబద్ధం..."

"ఒగటి వదలాలని నేను నీకు చెప్పల్యా?"

"లేదు."

ప్రమీలమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "చెప్పల్యా. అవును. నేను నడక నేర్చినప్పటి నుంచి చేస్తాన్నా గదా, అది ఒగరికి చెప్పాల్సిన మాటని తోచనేల్యా. అన్నం చేత్తో తినాలని ఎవరన్నా చెప్తారా? తప్పు నాది."

"మరి నిన్న ఫోనులో అంత కోపంగా పెట్టేస్తివి?"

"కోపమా? నీతో మాట్లాడతాంటే హాసిని బిడ్డ నా ఒళ్ళో పోసేసె. పాల గిన్నె కింద పడె. ఒక చేత్తో బిడ్డ, ఒక చేత్తో ఫోను, కింద పాలు. ఇంగ నీకు నల్లదాని గురించి ఏం చెప్దును?" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చీరలు కొక్కొక్కో కథ చెప్పేటప్పుడు నవ్వినట్టే నవ్వింది. గౌరమ్మకూ నవ్వొచ్చింది. రెండు వారాల తర్వాత మొదటిసారి. నవ్వు నడుమ కన్నీళ్ళొచ్చాయి, వాటిని ఆపుకోలేదు.

ఇంట్లోకి రాగానే ప్రమీలమ్మ కంట్లో మొదట పడింది గుమ్మం పక్కనున్న బ్యాగే.

"ఇదేంది?"

"ఆదివారం పోదామని. ప్రొద్దుటూరులో ఇంటి తలుపు తీసి మూడు వారాలయిపాయ. రోంత ఊడ్చుకుని, ఇరుగుపొరుగును పలకరించి..." అంటూ గౌరమ్మ బ్యాగును గోడవారకు జరిపింది.

ఆదివారం పొద్దున బ్యాగు జిప్పు వేస్తూ గౌరమ్మ ఊదారంగు చీర కోసం తీగ దగ్గరికి వెళ్ళింది. తీగ ఖాళీగా ఉంది. లోపల ప్రమీలమ్మ ఆ చీరను నీళ్ళ బకెట్‌లో జాడిస్తోంది.

"అది ఎండి రెండు దినాలయింది గదా! మల్లెందుకు తడిపినావు?"

"కాకి రెట్ట వేసె," అంది ప్రమీలమ్మ తల ఎత్తకుండా. "తడిది ఎట్ల పెట్టుకుంటావు? ఉండనీలే. మల్లొచ్చినప్పుడు కట్టుకుందువు."

చీర మీద రెట్ట మచ్చ ఎక్కడా లేదు. గౌరమ్మ ఆ చీరను చూసింది, దాన్ని పిండుతున్న చేతులను చూసింది. పోయినసారి పచ్చది. అంతకుముందు గళ్ళది. మొదటిసారి, ఆయన పోయిన తర్వాత వచ్చినప్పుడు, గంధపు రంగుది. ఏడాదిన్నరగా తనది మతిమరుపనే అనుకుంటూ వచ్చింది. మూడూ ఇక్కడే, ఈ ఇంటి పెట్టెలో, మడతలు పెట్టి ఉన్నాయి.

ఆమె వంగి చీర రెండో కొస పట్టుకుంది. "రోంత గంజి పెట్టు దానికి," అంది గౌరమ్మ. "గురువారానికల్లా వచ్చేస్తా."

"గురువారమే రా. నల్లదానికి నీళ్ళు పెట్టేది ఎవరనుకుంటాండావు?"

బయల్దేరే ముందు ఆమె కొట్టంలోకి పోయింది. గంపలు ఇప్పుడు ఫినాయిల్ వాసన లేకుండా, అడుగున బూడిద, వేపాకులతో ఉన్నాయి. బోసిమెడది అప్పుడే దిగి, ఊరంతా వినేలా చాటుకుంటూ పోతోంది. గంపలో రెండు గుడ్లున్నాయి, ఒకటి నిన్నటిది చల్లగా, ఒకటి వెచ్చగా. గౌరమ్మ వెచ్చనిదాన్ని తీసి కళ్ళకు అద్దుకుంది. చల్లనిదాన్ని గడ్డిలో కొంచెం పైకి, వచ్చే కోడికి బాగా కనబడేలా జరిపి, బస్సుకు నడిచింది.